డాక్టర్ల బడి

మరుగుతున్న నీళ్లలోంచి గరాటులను పట్టకారుతో ఒక్కొక్కటే తీసి బాబాయి తెల్లగుడ్డ మీద పరుస్తున్నాడు. చెవిలో పెట్టి లోపల చూసే చిన్న చిన్న లోహపు గరాటులవి. పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క, పసిపిల్లల చెవులకు పనికొచ్చే సన్నమూతివి చివర్న. ఆవిరికి కళ్లద్దాలు మసకబారాయి. తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. తర్వాత గొంతు చూసే అద్దాలు అందుకున్నాడు. పొడుగాటి కాడకు చివర బొత్తాం అంత గుండ్రటి అద్దం ఉంటుంది. వాటిని మరిగిస్తే వెనక పూత లేచిపోతుంది కాబట్టి మందునీళ్లలో ముంచి తీయాలి. ఒక్కొక్కదాన్నీ వెలుగుకు ఎత్తి చూసి, మరక లేదనుకున్నాక గుడ్డ మీద పెట్టాడు.

ఆసుపత్రిలో అందరికీ అతను బాబాయే. నర్సులకూ, వాచ్‌మన్‌కూ, చెవి ముక్కు గొంతు విభాగానికి అధిపతి అయిన పెద్ద డాక్టరుకూ కూడా. అసలు పేరు జీతాల గదిలో గుమాస్తాకు తెలుసు, భార్యకు తెలుసు. భార్య కూడా ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు. విభాగంలో అటెండరుగా చేరిననాడు తలనిండా జుట్టుండేది. ఇప్పుడు చెవుల పక్కన మాత్రం మిగిలింది, చెవులే ముఖ్యం కాబట్టి వాటికి కాపలా పెట్టినట్టు.

ఇవాళ డాక్టర్ల బడి. పెద్దవాళ్లు దానికి సదస్సు అంటారు, నోరు తిరగని ఇంకేదో పేరు కూడా ఉంది. అటెండర్లూ ఆయాలూ మాత్రం బడి అనే అంటారు. పట్టా పుచ్చుకుని ప్రాక్టీసులో పడ్డ డాక్టర్లు చదువు మరిచిపోకుండా ఏటా కొన్ని పాఠాలు వినాలట. విన్నట్టు కాగితం చూపించకపోతే లైసెన్సు తిరగరాయరట. అందుకని ఏడాదికోసారి చుట్టుపక్కల ఊళ్లనుంచి డాక్టర్లంతా ఈ విభాగానికి వచ్చి, పొద్దున చెవులూ ముక్కులూ చూసి, మధ్యాహ్నం ఉపన్యాసాలు విని, కొందరు కునికి, సాయంత్రం కాగితం పుచ్చుకుని పోతారు.

ఆ బడిలో బాబాయిది ఒకే ఒక పాఠం. అతని ఎడమ చెవి.

చిన్నప్పుడు ఏదో జ్వరం వచ్చి ఆ చెవిలోంచి చీము కారింది. జ్వరం పోయింది, చీము పోయింది, కర్ణభేరిలో కన్నం మాత్రం ఉండిపోయింది. అతను ఉద్యోగంలో చేరిన కొత్తలో, అప్పటి పెద్ద డాక్టరు సరదాకి చెవిలోకి తొంగిచూసి, ఉన్నవాళ్లందర్నీ కేకేసి పిలిచాడు. సరిగ్గా నడిమధ్య, గుండ్రంగా, అంచులు కోసినట్టుగా, తడి లేకుండా ఉంది కన్నం. పుస్తకంలో బొమ్మ కూడా ఇంత బాగుండదన్నాడు. ఆ ఏడాదినుంచీ బడి రోజున బాబాయి ముక్కాలిపీట మీద కూర్చుంటాడు. డాక్టర్లు వరసలో వచ్చి చూసిపోతారు.

కన్నం పూడ్చడం పెద్ద పనేం కాదు. ఒకసారి పూడ్చుదామని రోజు కూడా పెట్టారు. ఇంతలో బడి దగ్గరపడిందని ఆపారు. బడి అయ్యాక మరిచారు. మళ్లీ ఏడాది గుర్తొచ్చింది, మళ్లీ బడి వచ్చింది. ఆ పై ఏడు ఇతనే వద్దన్నాడు. నిజం చెప్పాలంటే అతనికి ఆ పీట మీద కూర్చోవడం ఇష్టం. ఏడాది పొడుగునా కుర్చీలు మోసేవాణ్ని ఆ ఒక్కరోజు కుర్చీల్లో వాళ్లు లేచొచ్చి చూస్తారు. పెళ్లినాడు కూడా అతన్ని అంతమంది అంత దగ్గరగా చూడలేదు.

ఇవాళ మాత్రం ఆ సంబరం లేదు. గొంతు బాగా లేదు. ఎప్పుడో చలికాలంలో మొదలైన బొంగురు ఎండలు ముదిరినా పోలేదు. మాట గరగరమంటోంది. మింగితే ముల్లు గుచ్చుకున్నట్టుంటోంది. ఆ పోటు కుడి చెవిలోకి, అంటే మంచి చెవిలోకి, సర్రున పాకుతోంది. ఇంట్లో భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. బట్టల దుకాణాలవాళ్లకు చొక్కాలకు కాజాలు కుట్టే మనిషి ఆమె. పొద్దున అతను బయల్దేరేటప్పుడు సూది పక్కన గుచ్చి లేచి వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇవాళ చూపించుకుంటావా లేదా?"

"ఇవాళ బడి. ఊపిరాడదు."

"బడి కాబట్టే అంటున్నా. ఇంతమంది డాక్టర్లు ఒక్కచోట మళ్లీ ఎప్పుడు దొరుకుతారు? రోజూ పెద్దాయన పక్కనే తిరుగుతావు, నోరు తెరవ్వు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, నీ విషయంలో వైద్యుడే పెరటి చెట్టయిపోయాడు."

"అడుగుతాలే."

"అడగనిదే అమ్మైనా పెట్టదు. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు, దానికి తగ్గట్టు కన్నం కూడా ఉందాయె. నా మీద ఒట్టేసి చెప్పు."

వేశాడు. ఆమె అడ్డు తప్పుకుంది.

చిత్రమేమిటంటే బాబాయికి గొంతులో ఏముందో తెలుసుకోవాలని లేదు. ఏమీ లేదని ఎవరో ఒకరు అంటే వినాలని ఉంది. ఈ రెండూ ఒకటి కావని అతనికి ఎక్కడో తెలుస్తూనే ఉంది. విభాగంలో అతను చేసే పనుల్లో గొట్టాలు కడగడం ఒకటి. గొంతు కోసి మెడలో కన్నం పెట్టినవాళ్లకు ఊపిరికోసం వంకీ తిరిగిన లోహపు గొట్టం అమరుస్తారు. అందులో కఫం గట్టిపడితే తీసి, సన్న బ్రష్‌తో తోమి ఇవ్వాలి. ఒకప్పుడు మార్కెట్లో వేలంపాట పాడే మనిషి ఒకడు అలా గొట్టంతో వచ్చేవాడు. నాలుగు వీధులకు వినబడే గొంతట అతనిది. బాబాయి గొట్టం తోముతున్నంతసేపూ ఎదురుగా నిలబడి పెదాలు కదిపేవాడు. ఏమంటున్నాడో తెలిసేది కాదు. తెలిసినట్టు తలూపి పంపేసేవాడు బాబాయి. కొన్నాళ్లకు అతను రావడం మానేశాడు. బాబాయి ఎందుకని ఎవర్నీ అడగలేదు.

హాలు పక్క గదిలో డాక్టర్లు పోగయ్యారు. అత్తరు వాసన, ఇస్త్రీ వాసన, అప్పుడే తాగిన టీ వాసన. పెద్ద డాక్టరు ముక్కాలిపీట మీద కూర్చున్న బాబాయి భుజం తట్టి, "ఇది మా ఇంటి చెవి. దీన్ని చూడకుండా ఎవరూ భోజనానికి వెళ్లడానికి లేదు," అన్నాడు. అందరూ నవ్వారు. ఏటా అనే మాటే, ఏటా నవ్వే నవ్వే. పీట మీద కూర్చున్న మనిషికి ఒకటే నియమం. కదలకూడదు, మాట్లాడకూడదు. మాట్లాడితే దవడ కదిలి గరాటు లోపల గీసుకుంటుంది. బాబాయి తల కాస్త వంచి, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదుటి గోడమీద కరెంటు వైరు చూస్తూ కూర్చున్నాడు.

ఒకరి తర్వాత ఒకరు వంగారు. కొందరి చేతులు చల్లగా ఉన్నాయి. కొందరు చెవిని పైకి, వెనక్కి లాగి చూశారు. కొందరికి ఆ సంగతి గుర్తులేక తిన్నగా గుచ్చారు. కన్నం కనబడగానే "ఓహో" అన్నారు కొందరు. ఒకాయన చూడకుండానే చూశానని పక్కకు తప్పుకున్నాడు. ప్రతివాళ్ల ముఖమూ బాబాయి ముఖానికి జానెడు దూరంలోకి వచ్చింది. ఒక్కరి కళ్లూ అతని కళ్లలోకి రాలేదు. వాళ్ల తప్పేం లేదు, చూడమన్నది చెవిని.

వరస సగం అయ్యాక ఊరి డాక్టరమ్మ వచ్చింది. ఎక్కడో చిన్న ఊళ్లో ఒక్కతే ఆసుపత్రి నడుపుకునే పెద్దావిడ. గుడ్డసంచీ భుజాన వేసుకుని ఏటా వస్తుంది, ముందు వరసలో కూర్చుంటుంది. కుర్రడాక్టర్లంతా బ్యాటరీ దీపాలతో చూస్తుంటే ఆవిడ మాత్రం నుదుటికి గుండ్రటి అద్దం కట్టుకుని, వెనకనున్న బల్బు వెలుగును దాంతో చెవిలోకి తిప్పుతుంది. గరాటు చివరను ముందు తన అరచేతిలో ఉంచుకుని వెచ్చబరిచింది.

"నొప్పిగా ఉందా?" అంది, లోపల పెట్టాక.

"లేదమ్మా," అన్నాడు బాబాయి, నియమం మరిచి.

ఆవిడ గరాటు తీసేసింది. నుదుటి అద్దం పైకి తోసి అతని ముఖంలోకి చూసింది.

"గొంతు ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది?"

బాబాయి వైరు మీంచి చూపు తిప్పాడు. పొద్దున్నుంచి ఈ మాట ఎవరైనా అడగాలనే కదా అనుకున్నాడు. తీరా అడిగేసరికి వేలంపాట మనిషి పెదాలు కళ్లముందు కదిలాయి. వెనక వరసలో ఎవరో చెప్పులు నేలకు రాస్తున్నారు. పెద్ద డాక్టరు అటునుంచి నవ్వుతూ, "బడి అంటే బాబాయికి భయం మేడమ్, ఏటా ఇవాళ గొంతు పోతుంది," అన్నాడు.

"జలుబమ్మా," అన్నాడు బాబాయి. "నిన్నటినుంచే."

"నిన్నటినుంచేనా?"

"నిన్నటినుంచేనమ్మా."

ఆవిడ ఇంకా ఏదో అడగబోయింది. వెనకాయన దగ్గాడు. ఆవిడ మరొక్కసారి బాబాయి ముఖం చూసి, గరాటు ట్రేలో వేసి పక్కకు జరిగింది. తర్వాతి డాక్టరు వంగాడు. బాబాయి చెవి మళ్లీ చెవిగా మారిపోయింది. అబద్ధం ఎందుకు చెప్పానా అని అతను గోడమీది వైరును అడుగుతున్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

కాని ఒట్టు ఉంది. వరస అయిపోయాక ట్రేలు సర్దుతూ, విభాగంలో కొత్తగా పని నేర్చుకుంటున్న చిన్న డాక్టరును పట్టుకున్నాడు. మంచి పిల్లాడు, బాబాయి అంటే ప్రేమ.

"బాబూ, ఈ కుడి చెవిలో పోటుగా ఉంటోంది. ఒకసారి చూస్తావా?"

గొంతు మాట ఎత్తలేదు. ఎత్తలేదని తనకు తెలుసు. చిన్న డాక్టరు ఎంతో శ్రద్ధగా చూశాడు. చెవిని సరిగ్గా పైకీ వెనక్కీ లాగాడు, దీపం అటూ ఇటూ తిప్పాడు.

"అద్దంలా మెరిసిపోతోంది బాబాయ్. ఎంత బాగుందో. ఏమీ లేదు."

"ఏమీ లేదా?"

"లేదన్నానుగా. ఎడమది పాఠానికి, కుడిది పటం కట్టుకోవడానికి. హాయిగా ఉండు."

అంత తేలిగ్గా ఊపిరి వదిలి ఎన్ని నెలలైందో. ఛాతీ మీంచి మూట దించినట్టయింది. టిఫిను డబ్బా పక్కనపెట్టి, రొట్టెముక్క టీలో నానబెట్టి మెల్లగా మింగాడు. మింగిన ప్రతిసారీ పోటు కుడి చెవిలోకి పాకింది. పాకితే పాకనీ, చెవి బాగుందన్నారుగా అనుకున్నాడు. భార్య చూపించుకోమంది, చూపించాడు. ఆయాతో హాస్యం కూడా ఆడాడు.

మధ్యాహ్నం హాల్లో ఉపన్యాసాలు. తెరమీద బొమ్మలు వేసినప్పుడు లైట్లు ఆర్పడం, అయ్యాక వేయడం బాబాయి పని. గోడకు ఆనుకుని స్విచ్చుల పక్కన ఎత్తుస్టూలు మీద కూర్చుంటాడు. అన్నేళ్లు విన్నా చాలా మాటలు అతనికి గాలిలో పోయేవే. భోజనం చేసి కూర్చున్నాక లైట్లు ఆరేసరికి సగం తలలు వాలాయి. చివరి ఉపన్యాసం ఎక్కడినుంచో వచ్చిన ఒక బక్కపల్చటి ఆయనది. ఆయన వాడుక మాటల్లో, వంటగదిలో కబుర్లు చెబుతున్నట్టు చెప్పాడు. అందుకే బాబాయికి అర్థమైంది.

"పేషెంటు మీ దగ్గరికొచ్చి గొంతు బొంగురంటాడు. మూడు వారాలు దాటిందా అని అడగండి. దాటితే మందుబిళ్ల ఇచ్చి పంపకండి, అద్దం పెట్టి లోపల చూడండి. అది అందరికీ తెలుసు. ఇంకోడు వస్తాడు. వాడు గొంతు మాటే ఎత్తడు, చెవి నొప్పంటాడు. మీరు చెవి చూస్తారు. చెవి అద్దంలా ఉంటుంది. అప్పుడేం చేస్తారు?"

ముందు వరసలోంచి ఊరి డాక్టరమ్మ గొంతు వినిపించింది.

"గొంతు చూడాలి."

"గొంతు చూడాలి," అన్నాడాయన. "రెంటికీ నరం ఒకటే. లోపల రాజుకుంటే సెగ చెవికి తగులుతుంది. చెవి నొప్పన్నవాడికి చెవిలో ఏమీ లేదంటే సంతోషించకండి. భయపడండి."

తెరమీద బొమ్మ మారింది. ఎర్రటి గుహలాంటి గొంతు, దాని మధ్య తెల్లటి రెండు పట్టీలు, ఒక పట్టీ మీద బొరుగులు అంటించినట్టు గరుకుగా ఏదో. బాబాయి అరచెయ్యి స్విచ్చుల పలక మీద అంటుకుపోయింది. రెండు వరసల ముందు చిన్న డాక్టరు నిద్రపోవడం లేదు. వంగి, సెల్‌ఫోను వెలుగులో, ఆ మాటలు పొల్లుపోకుండా రాసుకుంటున్నాడు. రాసుకుని కింద గీత కూడా గీశాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

"బాబాయ్, లైట్లు!" అన్నారెవరో. రెండోసారి పిలిచాక వేశాడు.

ఇప్పుడిక తెలియదనుకోవడానికి వీల్లేదు. చెప్పాలి. ఎవరికి? చిన్న డాక్టరుకు చెబితే పిల్లాడు హడలిపోతాడు. పెద్ద డాక్టరు చుట్టూ జనం. ఊరి డాక్టరమ్మకే చెప్పాలి. ఆవిడ అడిగింది కాబట్టి ఆవిడకు అబద్ధం వెనక్కి తీసుకుంటున్నానని చెబితే సరిపోతుంది. అడగనివాళ్ల దగ్గర కొత్తగా మొదలుపెట్టడం కంటే అది తేలికనిపించింది. కాని కాగితాలు పంచుతున్నారు, బల్లలు జరపమన్నారు, ఫొటోకు కుర్చీలు వరసగా వేయమన్నారు. వేశాడు. ఫొటో అయ్యాక వెతికితే ముందు వరసలో గుడ్డసంచీ లేదు. ఆవిడ ఊరి బస్సు ముందే వెళ్లిపోతుందని ఎవరో అన్నారు.

మెట్లు దిగి ఆవరణలోకి వచ్చేసరికి ఆవిడ గేటు దాటుతోంది. రోడ్డుకు అవతల బస్సు ఆగి ఉంది. బాబాయి పిలిచాడు.

"అమ్మా!"

గాలి వచ్చింది, మాట రాలేదు. పొత్తికడుపునుంచి బలమంతా కూడదీసుకుని మళ్లీ పిలిచాడు. చాపను నేలమీద ఈడ్చినట్టు ఒక గరగర వచ్చింది. పక్కనే చెత్తడబ్బా దగ్గరున్న కుక్క కూడా తల ఎత్తలేదు. నాలుగు అడుగులు పరుగెత్తాడు. ఊపిరి గొంతు దగ్గరే ఆగిపోయింది. డాక్టరమ్మ ఒక చేత్తో కమ్మి పట్టుకుని, రెండో చేత్తో సంచీ సర్దుకుని, బస్సెక్కింది.

"ఏం బాబాయ్, పాట ప్రాక్టీసా?" అన్నాడు వాచ్‌మన్ కుర్చీలోంచి.

వాచ్‌మన్‌ది ఇనుప గొంతు. ఒక్క కేక వేయమంటే బస్సు ఆగేది. అది బాబాయికి తట్టింది కూడా. ఆవిడను ఎందుకు ఆపాలో వాచ్‌మన్‌కు చెప్పాలి కదా అనుకున్నాడు. చెయ్యి ఊపి ఏమీ లేదన్నాడు. బస్సు కదిలింది.

వెనక్కి వస్తుంటే పెద్ద డాక్టరు కారెక్కుతూ ఎదురయ్యాడు. ఉపన్యాసాలు బాగా జరిగిన సంతోషంలో ఉన్నాడు.

"ఈసారి బడి బ్రహ్మాండం బాబాయ్. నీ చెవి నిండునూరేళ్లు చల్లగా ఉండాలి."

"అయ్యా..."

పెద్ద డాక్టరు కారు తలుపు పట్టుకుని ఆగాడు. నిజంగానే ఆగాడు. తొందరపెట్టలేదు, గడియారం చూసుకోలేదు. "చెప్పు బాబాయ్," అన్నాడు.

చెబితే ఆయన ఇక్కడే, ఇప్పుడే, లోపలికి రమ్మంటాడు. పొద్దున తను కడిగిన అద్దాన్ని తన నోట్లోనే పెడతాడు. తర్వాత ఆయన ముఖం మారుతుంది. ఎందరో పేషెంట్ల ముందు ఆ ముఖం అలా మారడం బాబాయి ట్రే పట్టుకుని పక్కన నిలబడి చూశాడు.

"ఏం లేదయ్యా. కుర్చీలు రేపు సర్దుతాను."

"సర్దుదువుగానిలే. ఇంటికెళ్లి పడుకో. గొంతు చూడు ఎలా ఉందో, వేన్నీళ్లు పుక్కిలించు."

ఇంట్లో భార్య దీపం కింద కాజా కుడుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"చూపించావా?"

చెప్పులు విడుస్తూ, గోడవైపు తిరిగి అన్నాడు. "చూశారు. ఏమీ లేదన్నారు."

ఆ మాటలో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. చూశారు, ఏమీ లేదన్నారు. దారిపొడుగునా అతను కూర్చుకున్నది ఆ రెండు ముక్కలే.

"ఎంతమంది చూశారు?"

"అందరూ."

ఆమె సూది గుచ్చి, పని ఒళ్లోంచి తీసి, రెండు చేతులతో ముఖం తుడుచుకుంది. నెలల తరబడి దాచుకున్న భయం ఆమె భుజాల్లోంచి దిగిపోవడం అతనికి కనబడింది. "చూశావా, అడిగితే ఏం పోయింది? ఊరికే చంపుకుతిన్నావు నన్ను," అంది నవ్వుతూ. పక్క వీధిలో ఉన్న కూతురుకు ఫోను చేసి చెప్పింది, నాన్నకు ఏమీ లేదట, అంతమంది డాక్టర్లు చూశారట అని. ఆమె అంత హాయిగా మాట్లాడి చాలాకాలమైంది. ఆ హాయి పాడుచేయడానికి బాబాయికి మనసొప్పలేదు. రేపు కాకపోతే ఎల్లుండి చెబుదామనుకున్నాడు.

రేపులు చాలా వచ్చాయి. మెడ పక్కన గడ్డ లేచి, మెతుకు దిగక, నడుస్తుంటే ఊపిరి ఈలలా మోగడం మొదలయ్యాక కాని బాబాయి నోరు తెరవలేదు. పెద్ద డాక్టరే చూశాడు. స్పిరిట్ దీపం మీద అద్దం వెచ్చబరిచి, తన చేతి వెనక ఆనించి చూసుకుని, నోట్లో పెట్టాడు. తీశాక అద్దాన్ని ట్రేలో పెట్టడం మరిచిపోయి చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. గొంతులోని జబ్బు తీసేయడానికి వీల్లేనంత దూరం పాకింది. ఊపిరికోసం మెడలో గొట్టం మాత్రం పెట్టారు. మాట పూర్తిగా పోయింది.

ఇంట్లో మంచం కిటికీ పక్కకు జరిపారు. పిలవడానికి గొంతు లేదు కాబట్టి కూతురు సైకిల్ షాపునుంచి గంట ఒకటి కొనుక్కొచ్చి మంచం కమ్మికి బిగించింది. బొటనవేలితో నొక్కితే ట్రింగుమనేది. ఒకసారి నీళ్లకు, రెండుసార్లు గొట్టం శుభ్రం చేయడానికి. మిగతావాటికి పలక పక్కన పెట్టారు. దుప్పటి, కిటికీ, నొప్పి లాంటి మాటలు దానిమీద రాసేవాడు.

ఒకనాడు పెద్ద డాక్టరు ఇంటికి వచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. భార్య మర్యాదకు టీ పెట్టి ఇచ్చింది. ఇచ్చాక గుమ్మం దగ్గర నిలబడి, కేకలేయకుండా, మామూలుగా అడిగింది.

"ఒక్క మాట అడుగుతానయ్యా, ఏమీ అనుకోకండి. ఆ బడి రోజున మీరందరూ చూశారట కదా. ఏమీ లేదన్నారట కదా. అంతమందిలో ఒక్కరికైనా కనబడలేదా?"

పెద్ద డాక్టరు తల ఎత్తాడు. తను చూడలేదని ఆయనకు తెలుసు. ఎవరు చూశారో తెలియదు. తన విభాగంలో తన కళ్లెదుట తిరిగిన మనిషి మాత్రం ఇలా మంచం మీద ఉన్నాడు. టీ కింద పెట్టేశాడు.

"తప్పు మాదేనమ్మా," అన్నాడు.

మంచం మీద గంట మోగింది. భార్య గ్లాసు తెచ్చింది. బాబాయి తల అడ్డంగా ఊపి మళ్లీ నొక్కాడు. గొట్టమేమో అనుకుని పెద్ద డాక్టరు లేచి, చొక్కా చేతులు పైకి మడిచి, లోపలి గొట్టం తీసి, ఎన్నో ఏళ్లుగా బాబాయే చేసిన ఆ పనిని తనే చేశాడు. సన్న బ్రష్‌తో తోమి, కడిగి, తిరిగి పెట్టాడు. గంట మళ్లీ మోగింది. ఆగకుండా మోగింది. బాబాయి కళ్లనుంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. పలక చేతికందేంత దూరంలోనే ఉంది. బలపం దానిమీదే ఉంది. చెయ్యి అటు కదల్లేదు.

"నొప్పిగా ఉన్నట్టుంది. మీరు వెళ్లండయ్యా, చూడలేరు," అంది భార్య. పెద్ద డాక్టరు గుమ్మం దగ్గర ఆమెకు చేతులు జోడించాడు. ఆమె తిరిగి జోడించలేదు.

మరుసటేడు వానలు మొదలైన వారంలో ఒక మధ్యాహ్నం బాబాయి పోయాడు. భార్య అక్కడే, మంచం కాళ్ల దగ్గర కూర్చుని కాజా కుడుతోంది. గంట మోగలేదు కాబట్టి నిద్రపోతున్నాడనుకుంది. చొక్కా పూర్తిచేసి, దారం కొరికి, మడతపెట్టాకే లేచి చూసింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ ఆమె అదే చెప్పింది, అంతమంది డాక్టర్లు చూసి ఏమీ లేదన్నారని. విన్నవాళ్లు డాక్టర్లను తిట్టిపోశారు. పెద్ద డాక్టరు ఆ ఏడు బడి పెట్టలేదు.

కూతురు వచ్చి పరుపు చుట్టి, మంచాన్ని గోడకు నిలబెట్టింది. గంట విప్పుదామంటే తల్లి ఉండనీ అంది. కమ్మికి అది అలాగే ఉంది, బొటనవేలు ఆనినచోట మాత్రం పైపూత అరిగి లోపలి ఇత్తడి కనబడుతోంది.